కుందేళ్ల కథేగా అని తీసిపారేయకండి!

‘వాటర్‌షిప్ డౌన్’. ఈ పేరు వినగానే ఏ ఓడో సముద్రంలో మునిగిపోయిన కథ కాబోలు అనుకుంటాం. ఓడా లేదు, సముద్రమూ లేదు. ఇంగ్లండులోని హాంప్‌షైర్‌లో ఉన్న ఒక పచ్చిక గుట్ట పేరది. ఆ ప్రాంతంలో గడ్డి పరుచుకున్న సుద్దరాతి గుట్టల్ని ‘డౌన్స్’ అంటారు. ఉన్న ఊరు వదిలేసి, నానా తిప్పలు పడి ఆ గుట్ట మీదకు చేరి, అక్కడ ఇల్లు నిలబెట్టుకున్న కొన్ని కుందేళ్ల సాహసం ఇది. రాసింది రిచర్డ్ ఆడమ్స్. అచ్చయింది 1972లో. యాభై ఏళ్లు దాటినా దీన్ని గుండెలకు హత్తుకునే పాఠకులు తగ్గలేదు. అమ్మమ్మలు చదివిన కాపీలు మనవరాళ్ల చేతుల్లోకి వస్తున్నాయి.

కుందేళ్ల కథ మీద ఇంత ప్రేమేమిటి? అందులోనూ మగ కుందేళ్లే ఎక్కువగా కనిపించే ఈ కథని ఆడవాళ్లు ఎందుకింత ఇష్టపడతారు? నా మటుకు నాకు తోచిన జవాబు ఒక్కటే. ఇది పుట్టిన చోటు వదిలి, తెలియని చోట ఇంకో ఇల్లు నిలబెట్టుకోవడం గురించిన కథ. ఆ పని ఎంత కష్టమో మనకంటే ఎవరికి బాగా తెలుసు చెప్పండి!

కారులో పుట్టిన కథ

ఆడమ్స్ అప్పటికి రచయితేం కాదు. ప్రభుత్వోద్యోగి. ఇళ్లు, స్థానిక పాలన చూసే శాఖలో పని. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు, జూలియెట్, రోజమండ్. ఒకసారి షేక్‌స్పియర్ నాటకం చూడ్డానికి స్ట్రాట్‌ఫర్డ్‌కు కారులో వెళుతుంటే పిల్లలిద్దరూ కథ చెప్పమని పట్టుబట్టారు. అదీ ఇదివరకు ఎప్పుడూ విననిది కావాలట! పిల్లలు అలా అడిగితే ఏం చేస్తాం? నోటికొచ్చింది మొదలుపెడతాం. ఆయనా అదే చేశాడు. హేజెల్, ఫైవర్ అనే రెండు కుందేళ్లతో కథ మొదలైంది. ఆ ప్రయాణంలో తెమల్లేదు. పిల్లల్ని రోజూ బడికి దింపే దారిలో సాగుతూ పోయింది.

కథ అయిపోయాక పిల్లలు ఊరుకోలేదు. ‘రాసిపెట్టు నాన్నా’ అని వెంటపడ్డారు. ఆయన ఇవాళా రేపూ అంటూ దాటేసినా వాళ్లు వదల్లేదు. చివరికి ఆఫీసు నుంచి వచ్చాక సాయంత్రాలు కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. కుందేళ్లు నిజంగా ఎలా బతుకుతాయో తెలుసుకోవడానికి ఆర్.ఎం. లాక్లీ అనే ప్రకృతి పరిశోధకుడు 1964లో ప్రచురించిన కుందేళ్ల జీవితం పుస్తకాన్ని పక్కన పెట్టుకున్నాడు. ఆడమ్స్ కుందేళ్లు మాట్లాడతాయి గానీ చొక్కాలు తొడుక్కోవు, టీ తాగవు. గడ్డి మేస్తాయి, కాలు నేలకేసి కొట్టి ప్రమాదం చెబుతాయి, నక్కని చూసి వణుకుతాయి. 

పుస్తకాన్ని ఆయన ఆ కూతుళ్లిద్దరికే అంకితమిచ్చాడు. న్యాయమే కదూ! వాళ్లు మారాం చేయకపోతే ఈ నవల లేదు.

వద్దన్నవాళ్లే ఎక్కువ

రాసినంత తేలిగ్గా అచ్చుకాలేదు. ఏడు చోట్ల తిప్పి పంపేశారు. కుందేళ్ల కథంటే పెద్ద పిల్లలు ‘చిన్నపిల్లల కథ’ అని ముట్టుకోరట. చిన్నపిల్లలకేమో ఆ భాష బరువట. ఇలా రెండువైపులా తప్పులే! చివరికి రెక్స్ కాలింగ్స్ అనే ఒక చిన్న ప్రచురణకర్త ధైర్యం చేశాడు. రచయితకు అడ్వాన్సు ఇచ్చుకునే స్తోమత కూడా లేదాయనకి. కానీ లండన్లో సమీక్షలు రాసే ముఖ్యులందరికీ పుస్తకం అందేలా చూశాడు. ఇక చెప్పేదేముంది! పిల్లల పుస్తకాలకిచ్చే కార్నెగీ పతకం, ఆ తర్వాత గార్డియన్ బహుమతి రెండూ వచ్చాయి. 1974లో అమెరికాలోనూ అచ్చయి అక్కడా విరగబడి కొన్నారు. అప్పట్నుంచి కోట్ల కాపీలు అమ్ముడుపోయాయి.

మొదటి పుస్తకం బయటికొచ్చేసరికి ఆడమ్స్ వయసు 52. మరో రెండేళ్లకు ఉద్యోగం మానేసి పూర్తిగా రచనల్లో పడ్డాడు. ‘ఈ వయసులో ఇంకేం మొదలుపెడతాం లెద్దురూ’ అని నిట్టూర్చే మనలాంటి వాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

ఇల్లు వదిలిన రాత్రి

కథ సాండిల్‌ఫర్డ్ అనే చోట మొదలవుతుంది. అక్కడ కుందేళ్ల బొరియలతో ఒక ఊరే ఉంటుంది. ఫైవర్ బక్కపలచని కుందేలు. పిరికిదని అందరూ చులకన చేసేది. కానీ దానికి రాబోయేది ముందే మనసుకు తెలుస్తుంది. ఒక సాయంత్రం పొలంలో కొత్తగా పాతిన బోర్డు చూసి అది గజగజలాడిపోతుంది. బోర్డు మీద ఏం రాసుందో కుందేళ్లకు తెలీదు. మనకు తెలుసు. అక్కడ ఇళ్లు కట్టబోతున్నారు! ఫైవర్ మాట పెద్ద కుందేలు పెడచెవిన పెడుతుంది. అన్న హేజెల్ మాత్రం నమ్ముతుంది. నమ్మిన మరికొన్నింటిని వెంటేసుకుని ఆ రాత్రే బయల్దేరుతుంది.

హేజెల్‌ని చూడండి. అది అందరికంటే బలమైనది కాదు. బలం బిగ్‌విగ్‌ది. తెలివి బ్లాక్‌బెర్రీది. కథలు చెప్పడం డాండెలియన్ వంతు. ముందుచూపు ఫైవర్‌ది. మరి హేజెల్ చేసేదేమిటి? ఎవరికి ఏది చేతనవునో కనిపెట్టి ఆ పని వాళ్లకి అప్పజెప్పడం, అలిసిపోయిన చిన్నదాన్ని వెనక వదిలేయకుండా నడిపించడం, అందరి మాటా విని చివరికి ఒక మాట మీద నిలబడటం. ఇది చదువుతుంటే నాకు మన ఇళ్లలోని పెద్దమ్మలూ అత్తయ్యలే గుర్తొచ్చారు. పెళ్లికి వందమంది దిగినా గొంతు పెంచకుండా ఎవరిచేత ఏం చేయించాలో వాళ్లకి తెలుసు కదా! ఆడమ్స్ మాత్రం హేజెల్‌ని యుద్ధకాలంలో తన పై అధికారి మేజర్ జాన్ గిఫర్డ్‌ని మనసులో పెట్టుకుని మలిచానని చెప్పుకున్నాడు. ఆయనా గట్టిగా అరవకుండా పని జరిపించే మనిషేనట.

దారిలో ఇంకో కుందేళ్ల ఊరు తగులుతుంది. అక్కడ తిండికి లోటే లేదు. రైతు రోజూ క్యారెట్లూ అవీ తెచ్చి పడేస్తాడు. కుందేళ్లన్నీ బొద్దుగా, నున్నగా ఉంటాయి. కానీ అక్కడొక నియమం. ఫలానావాళ్లు ఏరీ అని ఎవరూ ఎవర్నీ అడగకూడదు! ఎందుకంటే ఆ రైతే పొదల్లో ఉచ్చులు పన్నుతుంటాడు. అప్పుడప్పుడు ఒకటి మాయమవుతుంది. మిగతావి తిండి తింటూ, తెలియనట్టు నటిస్తూ బతికేస్తాయి. నాకు తెలిసిన ఒక లెక్చరరమ్మ ఈ అధ్యాయం దగ్గర పుస్తకం మూసి రెండు రోజులు తెరవలేకపోయారు. ‘అన్నీ అమర్చిన ఇల్లే గానీ అడగకూడని మాట ఒకటుంటుంది చూశారూ, అలాంటి కొంపలు నేనెరుగుదును’ అన్నారావిడ. అంతకంటే వివరం నేనూ అడగలేదు.

మా ఇంట్లో కుందేళ్ల రాత్రులు

నా కాపీ హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద దొరికింది. అట్ట చిరిగిపోయింది, పుటలు పసుపెక్కాయి. నేను చదివేశాక మా అమ్మాయికి రాత్రిపూట తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. అక్కడక్కడా చెట్ల పేర్లూ గడ్డి పేర్లూ నోరు తిరక్క ‘ఏదో ఆకు’ అని కానిచ్చేశాను. అదేం పెద్ద నష్టం కాలేదు.

ఒక్కటి మాత్రం ముందే చెప్పాల్సొచ్చింది. మన చేలల్లో కనిపించే చెవులపిల్లులు వేరు, ఈ కథలోవి వేరు. మనవి బొరియలు తవ్వవు. గడ్డిలోనే పల్లంగా చోటు చేసుకుని ఒంటరిగా పడుకుంటాయి. ఇంగ్లండు రాబిట్లు నేలలో సొరంగాలు తవ్వి గుంపుగా కాపురం ఉంటాయి. తెలుగులో రెండింటినీ కుందేలే అంటాం కాబట్టి ఈ తేడా తెలియకపోతే కథ సగం అర్థంకాదు.

ఆడమ్స్ ఈ కుందేళ్లకు సొంతంగా కొన్ని మాటలు కూడా కల్పించాడు. బండి వాటి భాషలో ‘హ్రుదూదూ’. ఆ చప్పుడే పేరైందన్నమాట! మేతకి బయటికెళ్లడం ‘సిల్‌ఫ్లే’. కుందేళ్లు నాలుగు దాకానే లెక్కపెట్టగలవు. ఆపైన ఎన్నున్నా ‘హ్రైర్’, అంటే బోలెడు. భయంతో కాళ్లాడక కొయ్యబారిపోవడం ‘థార్న్’. మా అమ్మాయికి ఈ మాటలు ఎంత పట్టేశాయంటే, బడి ఆటో రాగానే ‘హ్రుదూదూ వచ్చిందమ్మా’ అని పరుగెత్తేది. ఒకసారి లెక్కల పరీక్ష నుంచి వచ్చి ‘పేపరు చూడగానే థార్నైపోయాను’ అంది. తిట్టబోయి నవ్వేశాను.

కథల్లో కథలుగా ఎల్-అహ్రైరా అనే కుందేళ్ల రాకుమారుడి కథలు వస్తాయి. అది జిత్తులమారి. తనకంటే ఎంతో పెద్ద శత్రువుల్ని తెలివితో బోల్తా కొట్టిస్తుంది. అవి చెబుతుంటే మా అత్తయ్యగారు మంచం మీంచే, ‘ఇది మన సింహాన్ని నూతిలో దూకించిన కుందేలే కదే’ అన్నారు. అవును మరి! పంచతంత్రంలో కుందేలు బతికింది బుద్ధిబలంతోనే కదా. ‘నే పట్టిన కుందేలుకి మూడే కాళ్లు’ అనే మొండితనం మాత్రం ఈ కథలో శత్రువుది.

ఆడకూతుళ్లేరీ?

గుట్ట మీదకు చేరాక మొట్టమొదటి కష్టం ఇల్లు కట్టడం. కుందేళ్లలో బొరియలు తవ్వే పని ఆడవాటిది. పిల్లల్ని కనబోయే ముందు అవే తవ్వుకుంటాయి. వచ్చినవన్నీ మగవే! తమకు అలవాటు లేని పనైనా సిగ్గుపడకుండా కాళ్లకి పని చెబుతాయి. ఈ ఘట్టం చెప్పినప్పుడు మావారి వైపు చూసి అందరం ఎంత నవ్వామో!

మూడో రాత్రో నాలుగో రాత్రో మా అత్తయ్యగారు ఉన్నట్టుండి అడిగారు. ‘అంతా బాగానే ఉంది అమ్మాయ్, ఇంతకీ ఆ గుంపులో ఒక్క ఆడకూతురూ లేదేం? ఆడది లేకుండా ఇల్లేమిటి?’

ఆవిడ ఎనిమిదో తరగతితో చదువాపేశారు. సరిగ్గా ఇదే ప్రశ్న 1974లో న్యూయార్క్ టైమ్స్‌లో సెల్మా లేన్స్ అనే విమర్శకురాలు వేసింది. ఇద్దరు కూతుళ్లకు చెప్పిన కథలో ఆడ కుందేళ్లకి సంతానం కనడం తప్ప పనేం లేదా అని నిలదీసింది. ఆ మాటలో నిజం లేకపోలేదు. హేజెల్ గుంపుకి కూడా ఆ సంగతి ఆలస్యంగానే తట్టింది. ఆడవి లేకపోతే ఈ ఇల్లు తమతోనే ఆఖరు! అప్పుడు మొదలవుతుంది అసలు సాహసం.

ఎఫ్రాఫా అని ఇంకో కుందేళ్ల ఊరు. దాన్నేలేది జనరల్ వూండ్‌వార్ట్ అనే భయంకరమైన కుందేలు. అక్కడ ఎప్పుడు మేతకెళ్లాలో, ఎప్పుడు లోపలికి రావాలో అన్నిటికీ ఆజ్ఞలే. ఊరు కిక్కిరిసిపోయింది. బయటికి వెళ్లి వేరే చోట బతుకుతామని కొన్ని ఆడ కుందేళ్లు అనుమతి అడిగితే పెద్దలు కాదన్నారు. ఆ ఇరుకులో వాటికి కడుపు నిలవదు. పిండాలు లోలోపలే కరిగిపోతాయి. ఇది కల్పన కాదు, కుందేళ్లలో నిజంగా జరిగేదే. లాక్లీ పుస్తకం నుంచి ఆడమ్స్ తెచ్చుకున్న విషయమే. ఇది విన్నాక అత్తయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఊపిరాడని కొంపలో కడుపెలా పండుతుందే’ అని మాత్రం అన్నారు. పన్నెండు మంది ఉన్న రెండు గదుల ఇంట్లో ఆవిడ కాపురానికొచ్చారు. ఆ మాట కుందేళ్ల గురించే అన్నారని నేననుకోను.

ఆ ఎఫ్రాఫాలోనే హైజెన్‌థ్లే ఉంటుంది. నాకు ఈ పుస్తకంలో అన్నిటికంటే ఇష్టమైన పాత్ర ఇదే. అనుమతి అడిగినవాళ్లలో అదీ ఒకటి. బిగ్‌విగ్ వేషం మార్చినట్టుగా శత్రువుల్లో కలిసిపోయి లోపలికొస్తే, ఎవరిని నమ్మొచ్చో, ఎవరితో నోరు మెదపకూడదో చెప్పేది హైజెన్‌థ్లేయే. తోటి ఆడ కుందేళ్లని కూడగట్టేదీ అదే. మగవాళ్లు తీసుకుపోతే కదిలిన సరుకు కాదు వీళ్లు. ముందునుంచీ బయటపడాలని కాచుక్కూర్చున్నవాళ్లు. వర్షంలో, నది ఒడ్డున, ఒక పడవ సాయంతో ఆ పారిపోవడం ఉంది చూశారూ... పొయ్యి మీద పాలు పొంగినా లేవబుద్ధి కాదు!

విశేషమేమంటే పాఠకురాళ్ల ఆ సణుగుడు వృథా కాలేదు. 1996లో ఆడమ్స్ ఈ కుందేళ్ల కథలతో ఇంకో పుస్తకం తెచ్చాడు. అందులో హైజెన్‌థ్లే హేజెల్‌తో సమానంగా నాయకురాలైంది. 2018లో బీబీసీ, నెట్‌ఫ్లిక్స్ కలిసి తీసిన టీవీ కథలో ఆడపాత్రలు పెరిగాయి. మగదైన స్ట్రాబెర్రీని ఏకంగా ఆడ కుందేలుగానే మార్చేశారు. నచ్చిన పుస్తకంతో పోట్లాడటం కూడా ప్రేమే మరి. పట్టనివాళ్లు పోట్లాడరు.

ఆ పొలంలో మళ్లీ బోర్డు

ఈ నవలలోని చోట్లు చాలావరకు నిజంగా ఉన్నవే. ఆడమ్స్ పుట్టింది ఆ పక్కనే ఉన్న న్యూబరీలో, 1920లో. చిన్నప్పుడు తిరిగిన చేలూ గుట్టలే కథలోకొచ్చాయి. పుస్తకంలో పటం కూడా ఉంటుంది. దాన్ని పట్టుకుని ఆ గుట్టెక్కి వచ్చే పాఠకులు ఇప్పటికీ ఉన్నారు.

మరి కథ మొదలైన సాండిల్‌ఫర్డ్? కుందేళ్లని తరిమేసే ఇళ్ల బోర్డుతో నవల మొదలైతే, సరిగ్గా అక్కడే వెయ్యి ఇళ్లు కట్టడానికి 2022లో ప్రభుత్వం అనుమతిచ్చింది. నవలకు యాభై ఏళ్లు నిండిన సంవత్సరం! ఆడమ్స్ అప్పటికి లేడు. 2016 డిసెంబరులో, 96వ ఏట కన్నుమూశాడు. ఆ సంగతి చదివి నేను బాధపడితే మావారు, ‘ఇల్లు లేనివాళ్లకి ఇల్లు కావాలి కదా’ అన్నారు. అదీ నిజమే. మేముంటున్న కాలనీ కూడా ఒకప్పుడు వరిచేనే. తెల్లరాళ్లు పాతి ప్లాట్లు వేసినప్పుడు ఆ చేలోని చెవులపిల్లులు ఎక్కడికి పోయాయో ఎవరైనా అడిగామా? కథ దీనికి పరిష్కారం చెప్పదు. ఆ బోర్డు కుందేలు వైపు నుంచి ఎలా కనిపిస్తుందో చూపిస్తుంది. ఒకసారి అలా చూశాక ప్లాట్ల బోర్డు మామూలు బోర్డులా కనిపించదు.

మీరూ చదవాలనుకుంటే...

పుస్తకం పెద్దదే. యాభై అధ్యాయాలు. రోజుకొకటి చొప్పున చదివితే పిల్లల వేసవి సెలవులకి సరిగ్గా సరిపోతుంది. పదేళ్లు దాటిన పిల్లలైతే వాళ్లంతట వాళ్లే చదువుకోవచ్చు. ఇంగ్లీషు కాస్త బరువుగా అనిపిస్తే ముందు మీరు చదివి, రాత్రి అన్నాలయ్యాక తెలుగులో చెప్పండి. మొదటి రెండు మూడు అధ్యాయాలు ఓపిక పట్టాలి. పేర్లు అలవాటయ్యాక ఇక ఆగదు.

సినిమా చూపిద్దామనుకునే అమ్మలకు ఒక హెచ్చరిక. 1978లో మార్టిన్ రోజెన్ తీసిన బొమ్మల సినిమా ఉంది. దాంట్లోని ‘బ్రైట్ ఐస్’ పాట 1979లో బ్రిటన్‌లో ఆరు వారాలపాటు మొదటి స్థానంలో నిలిచింది. బొమ్మల సినిమానే కదా అని చంటిపిల్లల్ని ముందు కూర్చోబెట్టకండి. కరుచుకోవడాలూ రక్తమూ ఉన్నాయి. మొదట్లో అందరూ చూడొచ్చని సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లే 2022లో దాన్ని మార్చి, పెద్దలు పక్కనుండి చూపించాలన్నారు. ముందు పుస్తకమే మంచిది. భయం వేసినచోట ఆపి, పిల్లని దగ్గరకి తీసుకోవచ్చు.

చివర్లో వూండ్‌వార్ట్ సైన్యం గుట్టని చుట్టుముడుతుంది. ఇరుకు సొరంగంలో బిగ్‌విగ్ ఒక్కటే అడ్డంగా నిలబడుతుంది. దానికి మించిన పెద్ద నాయకుడెవడో లోపలున్నాడని వూండ్‌వార్ట్ భ్రమపడుతుంది. పెద్దరికమంటే ఒంటిబలమే అనుకునేవాడికి హేజెల్ లాంటి నాయకత్వం ఊహకే అందదు మరి! ఆ తర్వాత ఏమైందో మాత్రం చెప్పను. మా అత్తయ్యగారు కూడా ఎంత బతిమాలినా ఆ రాత్రి నాచేత చెప్పించలేకపోయారు. మర్నాడు పొద్దున్నే, కాఫీ కూడా కలపకముందు, వంటింట్లోకొచ్చి నిలబడి విన్నారు.